జేబులో చెయ్యి

"పెళ్ళికొడుకు వెనకాల వస్తున్నాడా?" అంటూ దర్జీ మాస్టరు తలుపు బయటికి తొంగి చూశాడు.

కూతురు తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "ఈయనేనండీ."

మాస్టరు మెడలో వేలాడుతున్న టేపు రెండు కొసలూ పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. తర్వాత నవ్వు తెచ్చుకుని, "అయితే మరీ మంచిది. కుర్రాళ్ళు పెళ్ళి నాటికి పొట్ట తగ్గిస్తామని చెప్పి బిగుతుగా కుట్టించుకుంటారు. పెళ్ళి రోజు ఊపిరాడక నన్ను తిడతారు. పెద్దవాళ్ళతో ఆ గొడవ ఉండదు," అన్నాడు. పెద్దవాళ్ళ గురించే అయినా ఆ మాట కూతురితోనే అన్నాడు.

చేసిన ఉద్యోగాన్ని బట్టి ఇంటి బయట అందరూ ఆయన్ని డ్రైవరు గారనే పిలుస్తారు. సిటీ బస్సు దిగి ఎన్నేళ్ళయినా ఆ పిలుపు మాత్రం దిగలేదు. ఆయన బల్ల ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు, పక్కవాళ్ళు పట్టుకోమని ఇచ్చిన వస్తువులా.

మాస్టరు బల్ల మీద తానులు ఒక్కొక్కటే విప్పి పరుస్తున్నాడు. ముదురు ఆకుపచ్చ బట్ట ఒకటి వచ్చేసరికి డ్రైవరు దాని అంచును కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది చూశాడు.

"ఇది బాగుందమ్మా."

"ఆకుపచ్చ వద్దు నాన్నా. ఫోటోలో నల్లగా పడుతుంది. నేవీ బ్లూ తీసుకుందాం. అన్నయ్య కూడా ఫోనులో అదే అన్నాడు."

"సరే," అన్నాడు డ్రైవరు. ఈ మధ్య ఆయన ఎక్కువగా వాడే మాట అదే.

కొలతలకి లేచి నిలబడ్డాడు. మాస్టరు టేపుతో మెడ, ఛాతీ, నడుము కొలిచాడు. చంక కింద కొలవడానికి ఎడమ చెయ్యి పైకెత్తి, అలవాటు కొద్దీ వదిలేశాడు. చెయ్యి దభీమని కిందికి జారి బల్ల అంచుకి తగిలింది.

"అయ్యో," అని మాస్టరు కూతురి వైపు తిరిగాడు. "ఎప్పటినుంచి?"

"పోయిన ఏడాది పక్షవాతం వచ్చింది. మాట వచ్చేసింది, కాలు వచ్చేసింది. చెయ్యే రాలేదు."

దెబ్బ తగిలిందా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. తగిలినా తెలిసే చెయ్యి కాదది.

మాస్టరు రెండడుగులు వెనక్కి వేసి, కన్ను చికిలించి భుజాలు చూశాడు. "ఎడం పక్క రెండు వేళ్ళు దిగింది. దానికేముంది, భుజం లోపల దూది మందంగా పెడతాను. బయటికి రెండూ సమానంగా కనిపిస్తాయి."

కూతురు బల్ల మీదికి వంగి గొంతు తగ్గించింది. "ఇంకో మాట మాస్టరుగారూ. ఎడం పక్క జేబు కాస్త ముందుకి, ఏటవాలుగా పెట్టగలరా? చెయ్యి అందులో ఉంచేస్తే స్టైలుగా నిలబడ్డట్టు ఉంటుంది. జారకూడదు."

"జేబు లోపల చిన్న పట్టీ కుడతాను. మణికట్టు అందులో కూర్చుంటుంది. దేవుడొచ్చి చూసినా కనిపెట్టలేడు."

"అంత ఎందుకమ్మా?" అన్నాడు డ్రైవరు. "ఆవిడకి తెలుసుగా."

కూతురు బట్ట మడత సరిచేస్తూ ఉండిపోయింది. "తెలుసులే. కొంచెం బలహీనంగా ఉందని చెప్పాం."

"కొంచెమా?"

"నాన్నా, మాస్టరుగారికి అవతల పనులున్నాయి."

తను పెళ్ళి చేసుకోబోయే ఆవిడ ఇంటికి వచ్చిన రోజు డ్రైవరుకి గుర్తొచ్చింది. కూతురు తనని సోఫాలో ఎడమ వైపు చివర కూర్చోబెట్టి, చెయ్యి కింద దిండు పెట్టి, దాని మీద పేపరు పరిచింది. టీ కప్పు కుడిచేతికి అందించింది. ఆవిడ ఉన్నంతసేపూ తనని లేవనివ్వలేదు. అప్పుడు అదంతా కూతురి ప్రేమ అనుకున్నాడు. ప్రేమ కాదని ఇప్పుడు కూడా అనలేడు.

దారిలో కూతురు ఆయన కుడి మోచెయ్యి పట్టుకుని నడుస్తూ చెప్పుకుపోయింది. "ఆవిడ నెమ్మదస్తురాలు. ఒకళ్ళకొకళ్ళు తోడు. గుండీలు పెట్టడం, చెప్పులు తొడగడం ఒక పనా నాన్నా? పెళ్ళయ్యాక అవన్నీ మెల్లమెల్లగా అవే అలవాటవుతాయి."

అల్లుడికి బదిలీ అయింది. అక్కడ దొరికిన ఇంట్లో పిల్లలకే చోటు చాలదు. కొడుకు ఫోను స్పీకరులో "మంచి వృద్ధుల హోములున్నాయి, కనుక్కో" అన్నాడు. "నాన్నని అలాంటిచోట పడేసి నేను ముద్ద మింగలేను" అని కూతురు అరిచింది. స్నానాల గదిలో తడి ఒంటితో స్టూలు మీద కూర్చుని, తువ్వాలు తెస్తానన్న కూతురి కోసం ఎదురుచూస్తూ డ్రైవరు ఇదంతా విన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఈ సంబంధం వచ్చింది. ఎంత తిరిగి, ఎంతమందిని అడిగి తెచ్చిందో ఆయనకు తెలుసు.

*

పొద్దున కూతురు మందుల షాపులో పనికి వెళ్ళేలోపే ఆయనకు బట్టలు తొడగాలి. దువ్వెన జుట్టులో గుచ్చుకుని, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, అవతలివాళ్ళతో ఏదో మాత్రల పేరు చెబుతూ, ఆమె ఆయన చొక్కా గుండీలు పెడుతోంది. వేళ్ళు చకచకా దిగుతున్నాయి. మాత్రల అట్టలు కత్తిరించీ కత్తిరించీ ఆమె వేలి చివర్లు గీరుకుపోయి ఉన్నాయి. ఒక గుండీ దగ్గర చర్మం పట్టుకుంటే చిన్నగా ముఖం చిట్లించింది.

ఫోను పెట్టేశాక డ్రైవరు అన్నాడు. "ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పేద్దాం అమ్మా."

"చెబితే రాదు."

"రాకపోతే?"

"నాన్నా, చెయ్యెత్తు," అంది కూతురు. అని, నాలిక కరుచుకుని, తనే ఆ చెయ్యి ఎత్తి స్వెట్టరులోకి తోసింది. మిగతా మాట మాట్లాడకుండానే బస్సు టైమైందని వెళ్ళిపోయింది.

ఇల్లు ఖాళీ అయ్యాక ఆయన స్వెట్టరు కింద ఒక గుండీ విప్పి మళ్ళీ పెట్టుకోవడానికి ప్రయత్నించాడు. ఒంటి చేత్తో గుండీ విప్పొచ్చు. పెట్టడం అలా కాదు. బట్ట అటు లాగే చెయ్యి ఉంటేనే కాజా నోరు తెరుచుకుంటుంది. గడ్డంతో బట్ట నొక్కి పట్టాడు. బల్ల అంచుకి ఆనించి చూశాడు. చివరికి విడిచేసి, ఫోను దగ్గరికి వెళ్ళి నంబరు నొక్కాడు.

"నమస్కారం, చెప్పండి," అంది ఆవిడ. ఎన్నో ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో కూర్చున్న గొంతు. అందరూ ఆవిణ్ణి టెలిఫోను ఆవిడనే అంటారు.

"నేనండీ. డ్రైవర్ని."

"ఎవరూ? ఒక్క నిమిషం. మా మేనకోడలు ఫోను తెచ్చి పనికిరాని చెవికి పెట్టింది." చప్పుడు. "ఆఁ, ఇప్పుడు చెప్పండి. ఈ కుడి చెవి దండగ. హెడ్‌ఫోను పెట్టీ పెట్టీ పోయింది."

ఆవిడ తన లోపం అంత తేలిగ్గా చెప్పేసరికి ఆయన తను చెప్పాలనుకున్నది దాటేశాడు. "కోటు కుట్టిస్తున్నారు నాకు," అన్నాడు. "మీకు ఏ రంగు ఇష్టమో అడుగుదామని."

"రంగా? నన్నెవరూ అడగలేదు ఇంతవరకూ," అందావిడ. కొంచెం ఆలోచించి, "మరక కనపడనిది ఏదైనా మంచిదే. ఉతికేది మనమేగా," అంది. తన మాటకు తనే నవ్వింది. "అమ్మాయి ట్రయల్ రోజు రమ్మంది. వస్తాను లెండి."

ఫోను పెట్టేశాక ఆయన చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. ఆవిడ నవ్వు బాగుంది. అదే ఇబ్బందిగా ఉంది.

*

ట్రయల్ నాటికి కోటు ఇంకా కోటు కాలేదు. తెల్లదారంతో పెద్దపెద్ద కచ్చాకుట్లు పైకి కనిపిస్తున్నాయి. కోటుకి కుడిచెయ్యి ఇంకా అతకలేదు. ఎడమ భుజంలో దూది నింపి, జేబు కచ్చాగా కుట్టి ఉంది. మాస్టరు నోట్లో గుండుసూదులు పెట్టుకుని కోటు తొడిగాడు. ఆవిడ వచ్చేలోపే కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని జేబులోకి దూర్చి, వేళ్ళతో తడుముతూ మణికట్టుని పట్టీలో కుదిర్చింది.

మూడు పలకల అద్దంలో ముగ్గురు డ్రైవర్లు కనిపించారు. ముగ్గురికీ భుజాలు తిన్నగా ఉన్నాయి. జేబులో చెయ్యి పెట్టుకుని ఎవరి కోసమో ధీమాగా ఎదురుచూస్తున్న మనుషుల్లా ఉన్నారు. చెయ్యి పడిపోవడానికి ముందు కూడా తానెప్పుడూ ఇలా నిలబడలేదని ఆయనకు తెలుసు.

టెలిఫోను ఆవిడ గొడుగు ముడుస్తూ లోపలికొచ్చింది.

"రండి పిన్నీ," అంది కూతురు.

ఆవిడ వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని తిరిగి చూసింది. తననే అని తెలిసి, గొడుగు ఎక్కడ పెట్టాలో తోచనట్టు కాసేపు చేతిలోనే పట్టుకుంది. వచ్చి డ్రైవరుకి ఎడమ పక్కన నిలబడింది. అటు పక్క అద్దం, ఇటు పక్క ఇస్త్రీ బల్ల. అంతకుమించి చోటు లేదు.

"ఎలా ఉన్నాడమ్మా మా పెళ్ళికొడుకు?" అన్నాడు మాస్టరు నోట్లో సూదుల మధ్య నుంచి. "ఫోటోగ్రాఫరుకి ఇంక పనేం మిగల్చలేదు."

"బాగుంది. నీటుగా ఉంది," అందావిడ. చేత్తో బట్ట తాకి చూసింది. "ఇది మరకా కనపడదు."

లైనింగు బట్ట చూపించడానికి మాస్టరు కూతుర్ని అవతలి బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. డ్రైవరు అద్దంలో ఆవిడ ముఖం చూశాడు. చెంపల దగ్గర జుట్టు తెల్లబడింది. ఎక్కడో రంగు వేసుకోబోయి మధ్యలో మానేసినట్టుంది. ఇంకో వారం ఆగితే రిజిస్ట్రారు ఆఫీసులో ఇద్దరూ సంతకాలు పెట్టేస్తారు. ఆ మర్నాడు పొద్దున ఈవిడ వచ్చి తన ముందు నిలబడి చొక్కా అందుకుంటుంది. అప్పుడు ఆ ముఖం ఎలా మారుతుందో ఆయన ఇప్పుడే చూసినట్టయింది.

"మీతో ఒక మాట," అన్నాడు మెల్లగా.

"ఆఁ?"

"మీకు చెప్పాల్సింది ఒకటుంది."

"మీరు దండగ చెవి వైపున్నారు. కాస్త గట్టిగా చెప్పండి."

ఆవిడ అటు తిరగడానికి చోటు లేదు. ఆయన గొంతు పెంచాడు. బస్సులో వెనక సీటు దాకా వినపడాల్సిన గొంతు అది. "నా ఎడమ చెయ్యి పనిచెయ్యదు."

కత్తెర చప్పుడు ఆగిపోయింది. కూతురు లైనింగు బట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"కొంచెం బలహీనం అన్నారు," అందావిడ.

"కొంచెం కాదు. అసలు పనిచెయ్యదు." ఆయన కుడిచేత్తో ఎడమ మణికట్టుని పట్టుకుని జేబులోంచి లాగాడు. పట్టీ అడ్డుపడింది. ఇంకాస్త గట్టిగా లాగేసరికి కచ్చాకుట్లు పటపటా తెగి జేబు నోరు తెరుచుకుంది. చెయ్యి కిందికి వేలాడింది. "గుండీలు పెట్టుకోలేను. స్నానం ఒక్కణ్ణీ చెయ్యలేను. చెప్పు తొడగాలి, గోళ్ళు తియ్యాలి. ఇవన్నీ మా అమ్మాయి చేస్తోంది. వాళ్ళు ఊరు మారుతున్నారు. ఆ తర్వాత మీరు చెయ్యాలి. అందుకే ఈ పెళ్ళి."

"నాన్నా," అంది కూతురు.

టెలిఫోను ఆవిడ ఇస్త్రీ బల్ల పక్కన ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది. కోపం వచ్చినట్టు లేదు. లెక్క వేసుకుంటున్నట్టుంది.

"రాత్రిళ్ళు లేస్తారా?" అని అడిగింది.

"లేస్తాను."

"ఒక్కసారేనా?"

"ఒక్కోసారి ఎక్కువే."

"ఎవరైనా పట్టుకోవాలా?"

"చీకట్లో అయితే పట్టుకోవాలి."

ఆవిడ తల ఊపింది. "నన్ను కాస్త ఆలోచించుకోనివ్వండి," అని లేచింది. వెళ్ళేటప్పుడు ఎవరి వైపూ చూడలేదు. గొడుగు మాత్రం మర్చిపోలేదు.

తలుపు మూసుకున్నాక మాస్టరు నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "కుట్టడం ఆపమంటారా అమ్మా?"

"కుట్టండి," అంది కూతురు. అద్దం వైపు వచ్చి, తెగిన దారాలు తండ్రి కోటు మీద నుంచి ఏరసాగింది.

*

ఆ తర్వాత కూతురు ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పొద్దున అదే వేగంతో గుండీలు పెట్టేది, చూపు మాత్రం గుండీల మీదే ఉంచేది. కొడుకు ఫోను చేస్తే వేరే గదిలోకి తీసుకెళ్ళి మాట్లాడేది.

డ్రైవరు మొదట తేలికపడ్డాడు. ఒక మనిషిని మోసం చేసి ఇంట్లోకి తెచ్చుకునే పని తప్పింది. వస్తే తెలిసి వస్తుంది, రాకపోతే రాదు. కానీ ఫోను మోగినప్పుడల్లా ఆయన చెవులు రిక్కించేవాడు. కూతురు "ఎవరో రాంగు నంబరు" అంటే ముఖం పక్కకి తిప్పుకునేవాడు.

ఆవిడ అడిగిన ప్రశ్నలు పదేపదే నెమరేసుకునేవాడు. రానిదైతే రాత్రిళ్ళు లేస్తారా అని ఎందుకు అడుగుతుంది? ఎన్నిసార్లు అని ఎందుకు అడుగుతుంది? వద్దనుకున్న ఇంటి గదులు ఎవరూ కొలుచుకోరు. అడిగిందంటే మనసులో ఏదో సర్దుకుంటోంది. ఒక సాయంత్రం అల్లుణ్ణి పిలిచి గడ్డం నున్నగా గీయించుకున్నాడు. ఇంట్లోనే వీలైనంత నడిచాడు. రాత్రి తోడు లేకుండా లేవగలనేమో చూద్దామని పగలే కళ్ళు మూసుకుని మంచం నుంచి తలుపు దాకా గోడ తడుముకుంటూ వెళ్ళాడు. వెళ్ళగలిగాడు. తిరిగొచ్చేటప్పుడు కుర్చీకి తట్టుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తనకు ఆ పెళ్ళి కావాలని ఉందన్నది ఆయనకు అప్పుడే తెలిసింది. సేవ కోసం కాదు. ఆ నవ్వు ఇంకోసారి వినాలని.

*

కోటు ఇచ్చే రోజున ఆవిడ షాపుకే వస్తానని కబురు చేసింది. కూతురు తండ్రికి కొత్త చొక్కా వేసి, ఆటోలో కూర్చున్నాక, ట్రయల్ రోజు తర్వాత మొదటిసారి ఆయన చెయ్యి పట్టుకుంది. "అక్కడికే వస్తానందంటే మంచి మాటే చెబుతుందేమో నాన్నా," అంది.

"ఏమో," అన్నాడు ఆయన, ఆశ బయటపడకుండా.

మాస్టరు కోటు తొడిగాడు. ఇస్త్రీ వేడి ఇంకా బట్టలో ఉంది. జేబు మళ్ళీ కుట్టాడు, పట్టీ తీసేశాడు. చెయ్యి బయటే వేలాడుతోంది. దూది ఉండటంతో భుజం మాత్రం నిలబడి ఉంది. మాస్టరు కాలరు సరిచేస్తూ ఉండగా టెలిఫోను ఆవిడ వచ్చింది. ఈసారి చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చి, మంచి చెవి ఆయన వైపు ఉండేలా నిలబడింది. మాస్టరు టేపు వెతుక్కునే నెపంతో అవతలికి వెళ్ళాడు.

"నేను రాలేనండీ," అందావిడ.

డ్రైవరు తల ఊపాడు. ఊపినట్టు ఆయనకే తెలియలేదు.

"మా వదిన వాళ్ళమ్మని చూశాను. మంచం మీదే ఉండేది ఆవిడ. ఎత్తడం, తుడవడం, మార్చడం అన్నీ నేనే. పోయిన రోజు ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు. నేను పక్కగదిలో పడుకుని నిద్రపోయాను. మళ్ళీ ఇంకొకళ్ళని చూసే ఓపిక నాకు లేదు. పెళ్ళంటే కాస్త కూర్చోవచ్చు అనుకున్నాను. అంతే."

"తప్పేముంది," అన్నాడు ఆయన.

"మీరు చెప్పకపోయి ఉంటే వచ్చేసేదాన్ని. వచ్చాక ఎలాగూ చేసేదాన్ని, పడుతూ లేస్తూ." ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. "చెప్పకుండా ఉండాల్సింది అనిపిస్తోందా?"

"లేదు," అన్నాడు డ్రైవరు. మళ్ళీ తనే, "కొంచెం," అన్నాడు.

ఆవిడ కళ్ళు దించుకుంది.

"మీరిప్పుడు ఏం చేస్తారు?" అని ఆయనే అడిగాడు.

"ఏముంది. అన్నయ్య ఇంట్లోనే. వాళ్ళూ చోటు చాలక అవస్థ పడుతున్నారు. ఇంకెవర్నో చూస్తారు నాకు."

కోటు గుండీలు పెట్టలేదు. ముందు భాగం తెరుచుకుని, లోపల చొక్కా కనిపిస్తోంది. ఆవిడ చెయ్యి దానంతటదే లేచింది. వేళ్ళు కోటు అంచు దాకా వచ్చాయి. అక్కడ ఆగి, ముడుచుకుని, వెనక్కి వెళ్ళి చేతిసంచీ పట్టుకున్నాయి.

"ఉంటానండీ," అంది. కూతురి దగ్గర ఆగి ఏదో చెప్పబోయింది.

"వెళ్ళిరండి ఆంటీ," అంది కూతురు. గొంతులో కోపం లేదు. ఏమీ లేదు.

కోటు విప్పి సంచీలో పెట్టించుకునే ఓపిక ఇద్దరికీ లేకపోయింది. ఆయన దాంతోనే బయటికి నడిచాడు. రోడ్డు మీద మనుషులు ఎవరి పనుల మీద వాళ్ళు వెళుతున్నారు. మూసి ఉన్న పక్క షాపు మెట్టు మీద కూతురు కూలబడినట్టు కూర్చుంది. డ్రైవరు గోడ పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

"నేను అలిసిపోయాను నాన్నా," అంది కూతురు. ముఖం చేతుల్లో పెట్టుకోలేదు. ఎదురుగా రోడ్డునే చూస్తూ, షాపులో మందు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. "నిన్ను ఎవరికైనా అంటగట్టాలని కాదు. నాకు ఇంక చేతకావట్లేదు. ఈ మాట నీకు చెప్పలేక ఆవిణ్ణి వెతికాను."

"తెలుసమ్మా."

"తెలిస్తే ఎందుకు చెప్పావు ఆవిడకి?"

ఆయన పడిపోయిన చేతిని కుడిచేత్తో తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆ హోము ఎక్కడుంది?" అని అడిగాడు.

కూతురు చటుక్కున ఇటు తిరిగింది. "నీకెవరు చెప్పారు?"

"మనింట్లో గోడలు పల్చన. ఎక్కడుంది?"

"ఊరి చివర," అంది ఆమె మళ్ళీ రోడ్డు వైపు తిరిగి. "పోయిన నెల ఒకరోజు షాపుకి సెలవు పెట్టి వెళ్ళాను."

"ఎలా ఉంది?"

"లోపలికి వెళ్ళలేదు. గేటు దాకా వెళ్ళి వచ్చేశాను."

"ఆదివారం వెళ్దాం. నేనూ వస్తాను. లోపలికి వెళ్ళి చూద్దాం."

కూతురు లేవలేదు. నేవీ బ్లూ బట్ట మీద మెట్టు దుమ్ము అంటుకుంటుంటే చేత్తో దులపబోయి మానేసి, ఆయన భుజం మీద తల ఆనించింది. అది ఎడమ భుజం. ఆమె బరువుకి లోపలి దూది మెల్లగా అణిగింది. ఆయన కదలకుండా కూర్చున్నాడు.